ప్రమాదం జరిగాక డ్రైవర్ ఏం చేయాలి? నర్సీపట్నం రోడ్ల మీద చట్టం, కులం, పరిహారం

నర్సీపట్నం చుట్టుపక్కల రోడ్డు మీద మనిషికి బండి తగిలితే డ్రైవర్ మొదట ఫోన్ చేసేది ఎక్కువగా ఓనర్‌కే. అవతలి నుంచి వచ్చే సలహా కూడా దాదాపు ఒకటే: ముందు అక్కణ్ణుంచి వచ్చెయ్, మిగతాది పెద్దమనుషుల్లో చూసుకుందాం. ఈ సలహాతో ఓనర్‌కి కొంత మేలు జరగొచ్చు. డ్రైవర్ మీద కేసు మాత్రం బరువెక్కుతుంది. దెబ్బతిన్న కుటుంబానికి రావలసిన పరిహారం చేజారుతుంది. డ్రైవర్ ఆగి, గాయపడినవాళ్ళని ఆసుపత్రికి చేర్చి, 24 గంటల్లో పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వకంగా చెబితే ఇద్దరికి రక్షణ దొరుకుతుంది: ఒకరు డ్రైవర్, ఇంకొకరు బాధితులు. ఈ ప్రాంతంలో ఆ ఇద్దరూ చాలాసార్లు మన వాడల మనుషులే. అందుకే దీన్ని దళిత హక్కుల విషయంగా రాస్తున్నాం.

షేర్ ఆటోలు, బొలెరో ట్రాలీలు, ట్రాక్టర్లు, క్వారీ టిప్పర్లు నడిపే కుర్రాళ్ళలో భూమి లేని ఎస్సీ, ఎస్టీ, బీసీ కుటుంబాలవాళ్ళు కనిపిస్తారు. కొందరు అప్పు చేసి ఆటో కొనుక్కున్నవాళ్ళు, ఎక్కువమంది జీతానికో రోజు కూలికో నడిపేవాళ్ళు. తెల్లవారకముందే చెరకు తోటలకీ జీడితోటలకీ ఉపాధి పనికీ రోడ్డు అంచున నడిచి వెళ్ళేది కూడా ఆ కుటుంబాల ఆడవాళ్ళే. బండి కాగితాలు మాత్రం ఇంకొకరి పేరు మీద ఉంటాయి. రోడ్డు భద్రత మీద మన దగ్గర వచ్చే రాతలు హెల్మెట్ దగ్గరా సీటు బెల్టు దగ్గరా ఆగిపోతాయి. స్టీరింగ్ ఎవరి చేతిలో ఉంది, బండి ఎవరిది అన్న ప్రశ్న దాకా రావు.

నర్సీపట్నం 2022 ఏప్రిల్ 4 నుంచి అనకాపల్లి జిల్లాలో ఉంది. ఊరు దాటి గొలుగొండ మీదుగా ఘాట్ ఎక్కితే చింతపల్లి మండలం, అంటే అల్లూరి సీతారామరాజు జిల్లా వచ్చేస్తుంది. చలికాలంలో లంబసింగి మంచు చూడ్డానికి వచ్చే కార్లు రాత్రంతా ఈ దారిలోనే తిరుగుతాయి. దారి తెలియని డ్రైవర్, మంచు, లైటు లేని మలుపు, పక్కన కాలినడకన వెళ్ళే ఆదివాసీలు: ప్రమాదానికి కావలసినవన్నీ అక్కడ ఉన్నాయి. గాయపడినవాళ్ళకి దగ్గరలో ఉన్నది నర్సీపట్నం ఏరియా ఆసుపత్రి. తలకి పెద్ద దెబ్బ తగిలితే సుమారు 90 కిలోమీటర్ల అవతల విశాఖ కేజీహెచ్‌కి పంపుతారు. (ఏరియా ఆసుపత్రి పేరు మన పాఠకులు మరిచిపోయి ఉండరు. 2020లో మాస్కులు లేవని మాట్లాడి సస్పెండైన దళిత వైద్యుడు డాక్టర్ సుధాకర్ పనిచేసింది అక్కడే.) ఇంత దూరాలున్న చోట మొదటి అరగంటలో డ్రైవర్ ఏం చేశాడన్న దాని మీద ప్రాణమే ఆధారపడుతుంది.

చట్టం అడిగేవి మూడే

1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 134 డ్రైవర్‌ని మూడు పనులు చేయమంటుంది. గాయపడినవాళ్ళకి వైద్యం అందేలా చూడాలి. పోలీసులు అడిగితే వివరాలు చెప్పాలి. అక్కడ పోలీసులు లేకపోతే దగ్గరి స్టేషన్‌కి వీలైనంత త్వరగా, ఆలస్యమైనా 24 గంటల్లోపు వెళ్ళి జరిగింది చెప్పాలి. ఇన్సూరెన్స్ కంపెనీకి పాలసీ నంబరు, తేదీ, సమయం, స్థలం, గాయపడినవాళ్ళ వివరాలు, డ్రైవర్ పేరు, లైసెన్సు వివరాలు రాసి పంపాలి. ఇవి చేయకపోతే సెక్షన్ 187 కింద ఆరు నెలల దాకా జైలు లేదా 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ.

ఎక్కడికక్కడ అడిగే ప్రశ్న ఒకటుంది: ఆగితే జనం కొట్టి చంపేస్తే? ఈ భయాన్ని చట్టం గుర్తించింది. జనం ఆగ్రహం వల్లగానీ, తన చేతిలో లేని మరో కారణం వల్లగానీ వైద్యం అందించడం సాధ్యం కాకపోతే ఆ బాధ్యత నుంచి మినహాయింపు ఉందని అదే సెక్షన్ 134 చెబుతోంది. అయితే మినహాయింపు ఉన్నది వైద్యం వరకే. స్టేషన్‌కి వెళ్ళి చెప్పాల్సిన పని అలాగే ఉంటుంది. ప్రమాదకరం అనిపిస్తే కదులుతూనే 112కీ 108కీ ఫోన్ చేసి, నేరుగా పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాలి. ఆ ఫోన్ చేసిన సమయం రికార్డవుతుంది. ‘పారిపోయాడు’ అన్న ఆరోపణకి రేపు కోర్టులో అదే జవాబు. దళిత డ్రైవర్ బండి పెద్ద కులాల ఊళ్ళో ఒకరికి తగిలితే పడే దెబ్బల్లో కోపంతో పాటు కులం కూడా ఉంటుంది. ఆ సంగతి తెలిసి అతన్ని ‘అక్కడే నిలబడు’ అనడం మాకు న్యాయంగా అనిపించదు. స్టేషన్‌కి వెళ్ళు అనడం న్యాయం.

ఆగడానికి వీలుంటే బండి పక్కకి తీసే ముందే ఫోన్‌లో నాలుగు ఫొటోలు తీయాలి: రెండు బండ్ల నంబరు ప్లేట్లు, టైర్ల గుర్తులు, రోడ్డు మలుపు, దెబ్బతిన్న భాగం. తర్వాత 108. అది ఆలస్యమైతే ఏ బండి దొరికితే ఆ బండి. దారినపోయేవాళ్ళు చెయ్యేయడానికి జంకితే వాళ్ళకి సెక్షన్ 134ఎ గురించి చెప్పండి. సాయం చేసినవాళ్ళ మీద సివిల్, క్రిమినల్ బాధ్యత ఉండదని 2019 సవరణతో ఈ సెక్షన్ వచ్చింది. పేరు చెప్పమని వాళ్ళని బలవంతపెట్టకూడదు. ఆసుపత్రిలో ‘పోలీసులు వచ్చాకే చూస్తాం’ అనే హక్కు ఏ డాక్టరుకీ లేదు. సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో ఈ మాట తేల్చింది, సెక్షన్ 134 కూడా అదే చెబుతుంది. 2025 మే నుంచి కేంద్రం నగదు రహిత చికిత్స పథకం కూడా తెచ్చింది. రోడ్డు ప్రమాద బాధితులకి గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో ఏడు రోజుల వరకు, 1.5 లక్షల రూపాయల వరకు వైద్యం ఉచితం. ఇది రోడ్డు ప్రమాదమే అని పోలీసులు ధ్రువీకరిస్తేనే ఈ పథకం వర్తిస్తుంది. డ్రైవర్ స్టేషన్‌కి చెప్పకపోతే ముందు ఆగిపోయేది బాధితుడి వైద్యమే.

స్టేషన్‌లో

తెల్లకాగితం మీద డ్రైవర్ రాయాల్సింది ఎక్కువ లేదు. తేదీ, సమయం, స్థలం, ఎటు నుంచి ఎటు వెళ్తున్నాడు, బండి నంబరు, బండిలో ఎవరున్నారు, గాయపడినవాళ్ళని ఎక్కడికి తీసుకెళ్ళారు, ఎవరికి ఎప్పుడు ఫోన్ చేశాడు. ‘తప్పు నాదే’ అని రాయాల్సిన పని లేదు. తనకి వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని ఎవరినీ బలవంతపెట్టకూడదని రాజ్యాంగం అధికరణ 20(3) చెబుతోంది. రెండు ప్రతులు రాసి, ఒకదాని మీద స్టేషన్ ముద్ర, సంతకం తీసుకోవాలి. తీసుకోకపోతే జిల్లా ఎస్పీకి స్పీడ్ పోస్టులో పంపాలి.

నర్సీపట్నంలో టౌన్, రూరల్ అని రెండు స్టేషన్లు. ఘాట్‌లో జరిగితే గొలుగొండా, చింతపల్లా అనే పేచీ, ఆపైన జిల్లాల హద్దు పేచీ. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 173 ప్రకారం ప్రమాదం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. దీన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటున్నాం. ఫిర్యాదు ఇచ్చినవాళ్ళకి ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. ‘మా పరిధి కాదు’ అని తిప్పి పంపితే ఈ సెక్షన్ పేరు చెప్పండి.

డ్రైవర్లలో ఇప్పటికీ తిరుగుతున్న పుకారు ఒకటుంది: ‘కొత్త చట్టంలో పదేళ్ళ జైలు.’ దాని కథ ఇది. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106లో రెండు భాగాలున్నాయి. నిర్లక్ష్యంతో మనిషి చనిపోతే మొదటి భాగం కింద ఐదేళ్ళ దాకా శిక్ష. పాత ఐపీసీ 304ఎలో రెండేళ్ళే ఉండేది. ప్రమాదం చేసి, పోలీసులకో మేజిస్ట్రేటుకో చెప్పకుండా పారిపోతే రెండో భాగం కింద పదేళ్ళ దాకా. ఈ రెండో భాగానికి వ్యతిరేకంగానే 2024 జనవరిలో దేశమంతా లారీలు ఆగిపోయాయి, హైదరాబాద్‌లో పెట్రోలు బంకుల దగ్గర బారులు తీరాయి. కేంద్రం దిగివచ్చి, మిగతా చట్టాన్ని జులై 1 నుంచి అమలు చేస్తూ 106(2)ని మాత్రం ఆపి ఉంచింది. 106(1) బెయిలబుల్ నేరం. తాగి నడపడం లాంటివి తోడు కాకపోతే, ఆగి స్టేషన్‌కి వెళ్ళిన డ్రైవర్ బెయిల్ హక్కుగా అడగొచ్చు. ఈ ఒక్క మాట తెలిస్తే సగంమంది పారిపోరని మా అభిప్రాయం.

స్టీరింగ్ వెనక ఎవరున్నారు

బండి నడిపింది ఓనర్ కొడుకు, స్టేషన్‌లో లొంగిపోయింది జీతగాడు. ఈ తరహా కథ వినని ఊరు ఉండదు. కొడుకు మైనరైతే ఒత్తిడి ఇంకా ఎక్కువ. సెక్షన్ 199ఎ కింద మైనరుకి బండిచ్చిన తల్లిదండ్రులకో ఓనర్‌కో మూడేళ్ళ దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా ఉన్నాయి. బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దవుతుంది. 2024 మేలో పుణెలో ఒక మైనరు నడిపిన పోర్షే కారు ఇద్దరు యువ ఇంజినీర్ల ప్రాణం తీసినప్పుడు, నేరం మీద వేసుకోమని ఇంటి డ్రైవర్‌ని ఒత్తిడి చేసి నిర్బంధించారన్న ఆరోపణ మీద ఆ అబ్బాయి తండ్రినీ తాతనీ పోలీసులు అరెస్టు చేశారు. ఆ డ్రైవర్ మాట బయటికి వచ్చింది కాబట్టి దేశానికి తెలిసింది. మన దగ్గర పాలేరుతనం పోయిందంటారు. ‘నువ్వు నడిపానని చెప్పు, నీ ఇల్లు నేను చూసుకుంటా’ అన్న మాటలో అది ఇంకా బతికే ఉంది.

ఒప్పుకున్న డ్రైవర్ మీద అబద్ధపు సమాచారం ఇచ్చాడన్న మరో కేసు పడొచ్చు. లైసెన్సు పోవచ్చు. లైసెన్సు పోతే బతుకుతెరువే పోతుంది. ఆ సమయంలో బండి ఎవరు నడిపారో పోలీసులకి చెప్పాల్సిన బాధ్యత సెక్షన్ 133 ప్రకారం ఓనర్‌ది. అక్కడ మన కార్యకర్తలు ఎవరైనా ఉంటే ఫోన్ లొకేషన్లు, సీసీ కెమెరాలు, టోల్ గేటు రికార్డులు వెంటనే సేకరించమని పోలీసులకి రాతపూర్వకంగా అడగాలి. కెమెరా రికార్డులు కొన్ని వారాల్లోనే చెరిగిపోతాయి.

‘యాక్సిడెంట్’ అన్న మాటని వినగానే నమ్మకూడని సందర్భం కూడా ఉంది. 2022 మేలో కాకినాడలో ఎమ్మెల్సీ అనంతబాబు దగ్గర అంతకుముందు పనిచేసిన దళిత డ్రైవర్ శవం ఇంటికి చేరినప్పుడు కుటుంబానికి మొదట చెప్పిన కారణం రోడ్డు ప్రమాదమే. కుటుంబం, దళిత సంఘాలు ఒప్పుకోలేదు, పోస్టుమార్టం కోసం పట్టుబట్టాయి. అనుమానాస్పద మృతి కేసు హత్య కేసుగా, ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కేసుగా మారింది, ఎమ్మెల్సీ అరెస్టయ్యారు. నేరం తేల్చాల్సింది కోర్టు. ఆ కుటుంబం ఆ రాత్రే శవాన్ని తీసుకుని దహనం చేసి ఉంటే కోర్టు దాకా వెళ్ళడానికి ఏమీ మిగిలేది కాదు.

దీనికి అవతలి వైపు కూడా చెప్పాలి. ప్రతి ప్రమాదమూ అట్రాసిటీ కాదు. బాధితుడు దళితుడు, డ్రైవర్ కాదు అన్నంత మాత్రాన ఆ చట్టం వర్తించదు, అలా పెట్టిన కేసు నిలవదు. పరిహారం అడగడానికి వెళ్ళినవాళ్ళని పదిమంది ముందు కులం పేరుతో తిడితే సెక్షన్ 3(1)(ఆర్), 3(1)(ఎస్) వర్తిస్తాయి. అప్పుడు అది ప్రమాదం కేసుతో కలపకుండా వేరే ఫిర్యాదుగా ఇవ్వాలి.

పరిహారం: లక్షల తేడా ఎక్కడ వస్తుంది

పెద్దమనుషుల పంచాయితీలో ఒక ప్రాణానికి కట్టే ధర తెలిసిందే: లక్ష, రెండు లక్షలు, కర్మ ఖర్చులు. దాన్ని చట్టం లెక్కతో పోల్చి చూద్దాం. 35 ఏళ్ళ కూలీ చనిపోయాడనుకుందాం. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. నెలకి 12,000 రూపాయల ఆదాయమని కోర్టు ఒప్పుకుంటే, 2017 నాటి ప్రణయ్ సేఠీ తీర్పు ప్రకారం భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలుపుతారు: 16,800. ఏడాదికి 2,01,600. ఆధారపడినవాళ్ళు నలుగురు కాబట్టి అతని సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తే 1,51,200. 2009 నాటి సరళా వర్మ తీర్పు ప్రకారం 31 నుంచి 35 ఏళ్ళ వయసుకి గుణకం 16. మొత్తం 24,19,200 రూపాయలు. అంత్యక్రియల ఖర్చు, తోడు కోల్పోయినందుకు ఇచ్చేది దీనికి అదనం. చనిపోయింది ఇంటిపని చేసే మహిళైతే ‘సంపాదన లేదు కదా’ అనడం కూడా కుదరదు. ఆ పనికి విలువ కట్టాలని సుప్రీంకోర్టు 2021లో కీర్తి కేసులో చెప్పింది. డ్రైవర్ తప్పు రుజువు చేసే అవసరమే లేకుండా సెక్షన్ 164 కింద మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షలు అడిగే దారి వేరే ఉంది.

ఈ డబ్బు సాధారణంగా ఓనర్ జేబులోంచి రాదు, ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి వస్తుంది. బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉన్న ఓనర్‌కి రాజీ కోసం తొందరపడాల్సిన అవసరమే లేదు. అయినా తొందరపడుతున్నాడంటే ఇన్సూరెన్స్ లేదేమో, డ్రైవర్‌కి లైసెన్సు లేదేమో, లేదా నడిపింది ఇంకొకరేమో అని అనుమానించాలి. బండి నంబరుతో ఎంపరివాహన్ యాప్‌లో చూస్తే ఇన్సూరెన్స్ ఉందో లేదో నిమిషంలో తెలుస్తుంది. మరణం కేసులో క్రిమినల్ కేసు రాజీ పడదగిన నేరం కూడా కాదు. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టించుకుని ‘కేసు మాఫీ’ అన్నవాళ్ళు అబద్ధం చెబుతున్నట్టే. రాజీ పడాలంటే ట్రిబ్యునల్ ముందో, లోక్ అదాలత్‌లోనో.

బాధితులు ట్రాలీలో, ట్రాక్టర్‌లో వెళ్తున్నవాళ్ళైతే ఇక్కడ ఒక గొయ్యి ఉంది. సరుకు రవాణా బండిలో ఊరికే ఎక్కినవాళ్ళకి ఇన్సూరెన్స్ కంపెనీ బాధ్యత లేదని సుప్రీంకోర్టు 2002లో ఆశారాణి కేసులో చెప్పింది. కూలీలని పశువుల్లా ట్రాలీల్లో కుక్కి తీసుకెళ్ళే మన పద్ధతికి ఈ తీర్పు చేసిన నష్టం చాలా పెద్దది. బస్సు రాని ఊళ్ళ మీద వేసిన జరిమానా లాంటిది. కానీ సరుకు యజమానికీ, అతని తరఫున వెంట వెళ్ళే మనిషికీ కవర్ ఉంటుంది. సంతకి తన చింతపండు, పసుపు, పిప్పలి మూట వేసుకుని ట్రాలీలో వెళ్తున్న ఆదివాసీ మహిళ ఊరికే ఎక్కిన మనిషి కాదు, సరుకు యజమాని. ఆ మూట సంగతి ఎఫ్ఐఆర్‌లో, పంచనామాలో ఉండాలి. అది ఎవరి మూటో అందరికంటే ముందు చెప్పగలిగింది డ్రైవరే. నిజం నిజంగా రాస్తే చాలు. కొన్ని కేసుల్లో కోర్టులు ముందు కంపెనీ చెల్లించి తర్వాత ఓనర్ నుంచి రాబట్టుకోమని ఆదేశించాయి కాబట్టి, కవర్ లేదని చెప్పగానే వదిలేయకూడదు.

కంపెనీలు ఏళ్ళ తరబడి వాడిన ఇంకో సాకు కొంత తగ్గింది. కారు నడిపే లైసెన్సుతో ట్రాలీ, ఆటో నడిపాడు కాబట్టి చెల్లించం అనేవాళ్ళు. లైట్ మోటార్ వెహికల్ లైసెన్సున్నవాళ్ళు 7,500 కిలోల లోపు రవాణా వాహనాలు కూడా నడపొచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న స్పష్టం చేసింది.

గుద్దిన బండి దొరకనే దొరకకపోతే, 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న హిట్ అండ్ రన్ పథకం కింద మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000 రూపాయలు వస్తాయి. అంతకుముందు ఇవి 25,000, 12,500 మాత్రమే. దరఖాస్తు పరిశీలించే అధికారి రెవెన్యూ డివిజన్ స్థాయిలో ఉంటారు. నర్సీపట్నంలో ఆర్డీవో ఆఫీసుకి వెళ్ళి అడగాలి. మంజూరు చేసేది జిల్లా కలెక్టర్ స్థాయిలో. పై లెక్కలోని 24 లక్షల పక్కన ఈ 2 లక్షలు పెట్టి చూస్తే, డ్రైవర్ పారిపోవడం ఒక కుటుంబానికి ఎంత ఖరీదో తెలుస్తుంది.

2022 నిబంధనల ప్రకారం పోలీసులు 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదిక, 90 రోజుల్లో పూర్తి నివేదిక ట్రిబ్యునల్‌కి పంపాలి. బాధితుల హక్కులు చెప్పే ఫారం 2 వాళ్ళ చేతికివ్వాలి. అదే ఏడాది డిసెంబరులో గోహర్ మహమ్మద్ కేసులో సుప్రీంకోర్టు వీటిని పాటించి తీరాలని చెప్పింది. స్టేషన్‌కి వెళ్ళినప్పుడు ‘ఫారం 2 ఇవ్వండి’ అని అడిగే అలవాటు మన సంఘాలు చేసుకోవాలి.

ట్రిబ్యునల్‌లో కేసు ప్రమాదం జరిగిన చోటే వేయాలని లేదు, బాధితులు ఉండే చోట కూడా వేయొచ్చు. హైదరాబాద్‌లోనో చెన్నైలోనో వలస పనికి వెళ్ళి రోడ్డు మీద చనిపోయినవాళ్ళ కుటుంబాలు ఇక్కడి నుంచే కేసు నడుపుకోవచ్చు. గడువు మాత్రం చట్టంలో ఆరు నెలలుగా ఉంది, కర్మకాండలు అయ్యేదాకా ఆగకండి. ఎఫ్ఐఆర్, పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు, మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టు, డిశ్చార్జి కాగితం, మందుల బిల్లులు, ఉపాధి జాబ్ కార్డు, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం అన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఒక సెట్టు జిరాక్సు వేరే ఇంట్లో ఉంచాలి.

వచ్చిన పరిహారంలో ఇంత వాటా అని మాట్లాడుకునే వకీళ్ళు ఆసుపత్రి గేటు దగ్గరే దొరుకుతారు. వాళ్ళకి ఒప్పుకునే ముందు తెలుసుకోవాల్సింది ఒకటుంది. 1987 న్యాయ సేవల చట్టం సెక్షన్ 12 ప్రకారం ఎస్సీ, ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయవాదిని ఇవ్వాలి. మహిళలకి, పిల్లలకి కులంతో కూడా పని లేదు. కుల ధ్రువపత్రం పట్టుకుని కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవల కమిటీకి దరఖాస్తు ఇవ్వొచ్చు, లేదా 15100కి ఫోన్ చేయొచ్చు. కేసులో ఇరుక్కున్న దళిత డ్రైవర్‌కీ ఇదే హక్కు ఉంది.